ఉప్పాకు

"ఓ భాయ్‌సాబ్, పైర్ హటావ్! నీచే సబ్జీ హై!"

వరప్రసాద్ ఫోను చెవి దగ్గర పెట్టుకునే వెనక్కి తిరిగాడు. ఇరవై అడుగుల అవతల ఒక పెద్దామె నిలబడి ఉంది. చీరకొంగు ముక్కు మీదుగా చుట్టుకుంది. నడుముకు గోనెసంచి వేలాడుతోంది. పక్కకు జరగమన్నట్టు కోపంగా చెయ్యి ఊపుతోంది.

"ఒక్క నిమిషం లక్ష్మీకాంత్ గారూ, ఇక్కడెవరో పిలుస్తున్నారు. మళ్లీ చేస్తాను" అని అతను ఫోను జేబులో వేసుకున్నాడు.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది.

"తెలుగోనివా సారూ?"

"అవునమ్మా."

"అయితె తెలుగులనే చెప్త. నువ్వు నా కూర మీద నిలవడ్డవు."

కిందికి చూసుకున్నాడు. బూటు కింద సన్నటి, కండగల ఆకులు నలిగి నీరు కారుతున్నాయి. సగం ఆకుపచ్చగా, చివర్లు జేగురు రంగులో ఉన్నాయి. రెండడుగులు పక్కకు వేశాడు. ఉప్పు పేరిన నేల బూటు కింద పెళుసుగా విరిగింది.

గుజరాత్ తీరంలో మింఢోలా నది సముద్రంలో కలవడానికి కాస్త ముందు, ఉన్ అనే ఊరు దాటాక, మట్టిరోడ్డు ఆగిపోయిన చోట ఉంటుంది ఆ నేల. ఒకవైపు సచిన్ అనే పారిశ్రామికవాడ పొగగొట్టాలు, ఇంకోవైపు మడచెట్ల పొట్టి వరస. మధ్యలో రెండొందల ఎకరాల ఉప్పుపర్ర. అతను పొద్దున ఏడింటి నుంచీ అక్కడే ఉన్నాడు. నాలుగు ప్లాస్టిక్ పైపుల్ని చదరంగా బిగించిన చట్రం ఒకటి అతని దగ్గరుంది, నిలువూ అడ్డమూ ఒక్కో మీటరు. దాన్ని నేల మీద పరవడం, మోకాళ్ల మీద కూర్చుని లోపలున్న మొక్కల్ని లెక్కపెట్టడం, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయడం, ఫారంలో రాయడం, లేచి యాభై అడుగులు నడవడం. అప్పటికి పంతొమ్మిది చదరాలయ్యాయి. యాభై ఆరేళ్ల మోకాళ్లు ఆ సంగతి చెబుతూనే ఉన్నాయి.

"గిదేంది, గీ పైపులు?" ఆమె దగ్గరికొచ్చింది.

"లెక్కకమ్మా. ఇందులో ఏ మొక్కలు ఎన్నున్నాయో రాసుకుంటాను."

"రాసుకోని?"

"కంపెనీకి ఇస్తాను."

"ఇస్తె, కంపెనీ ఏం జేస్తది?"

యార్డు కడుతుంది, అనాలి. పెద్ద ట్యాంకులు, చుట్టూ గోడ. "ఏమేం మొక్కలున్నాయో తెలియాలి కదా" అన్నాడు.

"నన్నడిగితె చెప్తుంటి గద, గింత మోకాళ్లు అరగదీసుకునుడెందుకు" అని ఆమె చట్రం పక్కనే గొంతుక్కూచుంది. బొటనవేలి గోరుతో ఒక్కో కొమ్మ చివర గిల్లుతోంది. రెండాకుల పైకి గిల్లదు, వేరు కదలనివ్వదు. ఎడమచేత్తో మొక్క మొదలు పట్టుకుని కుడిచేత్తో తుంచడం, పిడికిలి నిండగానే వెనక్కి చూడకుండానే సంచిలో వేయడం. ఆ చేతివేళ్ల వేగం అతనికి ఎక్కడో చూసినట్టనిపించింది. బాబిన్ మీద తెగిన దారాన్ని ముడివేసే వేళ్లు అవి.

"మగ్గాల్లో చేశారా?"

"ముప్పయ్యేండ్లు బాబిన్లు జుట్టిన. మాది సిరిసిల్ల దిక్కు. నా పేరు నర్సవ్వ. మాయన వోయినంక కండ్లు సరిగ కనవడక ఇడిసిపెట్టిన." ఒక చిగురు అతనికి అందించింది. "నములు."

మాస్కు కిందికి లాగి నమిలాడు. ఉప్పగా, కాస్త పుల్లగా ఉంది. వాళ్లమ్మ పెసరపప్పులో వేసే ఇలకూర. సముద్రం పక్కన ఊళ్లో పుట్టినవాడికి ఆ రుచి చెప్పనక్కర్లేదు. గుజరాతీలు దీన్ని మొరస్ అంటారు. ఫారంలో అతను లాటిన్ పేరు రాశాడు.

"మీరేమంటారు దీన్ని?"

"ఉప్పాకు. మా దిక్కు గిది లేదు. ఈడికొచ్చినంక మేమే వెట్టుకున్నం ఆ పేరు." సంచిలోకి ఇంకో పిడికెడు వేసింది. "లాక్‌డౌన్ల కార్ఖానలన్ని బంద్ వడ్డయ్ గద. సేటు షట్టర్ గుంజి వోయిండు. రైళ్లు లెవ్వు. పదకొండు ఇండ్లోళ్లం గిదే తిన్నం రెండు నెలలు. ఇప్పటికి అమ్ముకునుడు, తినుడు, గిదే."

పదకొండు ఇళ్లు. అతని పెన్ను ఫారం మీద ఆగింది. ఆ పేజీలో రాయవలసింది మొక్కల లెక్క మాత్రమే. ముప్పైనాలుగు, అని రాసి చట్రం ఎత్తాడు.

*

మధ్యాహ్నం హజీరాలో, ఫ్యాక్టరీ స్టోర్స్ గదిలో, లక్ష్మీకాంత్ తనే స్వయంగా గోనెపట్టా తొలగించి చూపించాడు. నల్లరాయి. నాలుగడుగుల ఎత్తు. అద్దంలా మెరుస్తోంది. గుజరాతీలో, ఇంగ్లీషులో చెక్కిన అక్షరాల్లో ఇంకా తెల్లటి పొడి ఉంది.

*స్వీడన్ దేశపు ఓడవైద్యుడు లార్స్ ఎక్మార్క్ 1781 డిసెంబరు 22న ఈ తీరాన దిగి, మింఢోలా వెంట బార్డోలీ వరకు నడిచి, ఈ ప్రాంతపు మొక్కల్ని మొదటిసారి గ్రంథస్థం చేశాడు. ఆయన దినచర్యను గుజరాతీలోకి తెచ్చినవారు కీర్తిశేషులు ప్రొఫెసర్ కీకూభాయ్.*

వరప్రసాద్ చివరి పంక్తి దగ్గర వంగాడు. 'కీ' దీర్ఘం కొస మీద ఉన్న పొడిని వేలితో తుడిచాడు.

"బాగొచ్చింది కదండీ?" అన్నాడు లక్ష్మీకాంత్. ప్రాజెక్టుకి జనరల్ మేనేజరతను. బెజవాడవాడు. వరప్రసాద్ కన్నా పన్నెండేళ్లు చిన్న. "రెండొందల నలభై ఏళ్లు. తారీఖు కూడా కలిసొచ్చింది. బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకి, నేల మీదే, చిన్న షామియానా. యాభైమందికి మించకుండా. రాయి చుట్టూ ఒక అరెకరం వదిలేస్తున్నాం. ఎక్మార్క్ ఉద్యానవనం. ఆయన రాసిన మొక్కలన్నీ అందులో వేయిద్దాం. మీరే చూసుకోవాలి."

"రెండొందల ఎకరాల్లో అరెకరం."

"అదీ మీరడిగారని వదిలాం ప్రసాద్ గారూ." నవ్వుతూనే అన్నాడు. "సర్వే ఫారం సోమవారం సాయంత్రానికి పైకి పోవాలి. మొక్కల లెక్కలు మీరు నింపుతారు. మిగతావి మా వాళ్లు టైపు చేసేశారు. చివర్న మీ సంతకం."

మెట్లు దిగుతూ వరప్రసాద్ ఆరు పేజీలూ తిరగేశాడు. పర్యావరణ విభాగంలో ఇరవయ్యేళ్లుగా ఇలాంటివి ఎన్నో నింపాడు. ఐదో పేజీలో తొమ్మిదో గడి. *ఈ భూమి మీద జీవనాధారానికి ఆధారపడిన వ్యక్తులు:* ఎదురుగా టైపు చేసి ఉంది. *లేరు.*

*

అతని క్వార్టరు మూడో అంతస్తులో. వంటగట్టు మీద ఒక గిన్నె, ఒక గ్లాసు, ఒక గరిటె. సాయంత్రం టీ పెట్టుకుంటుంటే ఫోను మోగింది. రాజమండ్రి నుంచి భార్య. బ్యాంకులో పని, అత్తగారి మందులు, అక్కడి వర్షం. "తిన్నారా?" అంది చివర్న. తిన్నాననే అన్నాడు. రెండేళ్లుగా ఆ ప్రశ్నకి ఆ జవాబే.

టీ గ్లాసుతో బాల్కనీలోకి వచ్చాడో లేదో మళ్లీ మోగింది.

"ప్రసాద్‌భాయ్, బుధవారం నేను ఎన్నింటికి తయారవ్వాలి?" కీకూభాయ్ భార్య ఊర్మిళాబెన్. ఎప్పటిలాగే హిందీలో, సగం గుజరాతీ కలిపి మాట్లాడుతోంది. "మీరు కారు తెస్తానన్నారు కదా. అడాజణ్ నుంచి అక్కడికి ఎంతసేపు పడుతుంది?"

"గంట పడుతుంది బెన్. ఎనిమిదికి వస్తాను."

"ఏ చీర కట్టుకోవాలో తెలీడం లేదు. ఏడుపు చీర కాదు, పండగ చీరా కాదు." అంతలోనే మాట మార్చింది. "ఏప్రిల్లో ఆయన పోయినప్పుడు బెసణుం కూడా పెట్టలేదు కదా. పదిమంది కూచుని ఆయన గురించి ఒక్క మాటైనా అనుకోలేదు. రాయి మీద పేరు ఎంత పెద్దగా ఉంది?"

"పెద్దగానే ఉంది. ఇవాళే చూశాను."

"సరే. సరే భాయ్." ఫోను పెట్టేసింది.

పన్నెండు డిసెంబర్లు కీకూభాయ్, అతను ఎక్మార్క్ వెళ్లిన ఆ దారిన నడిచారు. మొదట్లో కాలేజీ పిల్లలొచ్చేవారు, తర్వాత్తర్వాత ఇద్దరే. కీకూభాయ్ ప్రతిచోటా ఆగి ఎక్మార్క్ ఆ రోజున రాసిన పేజీ గట్టిగా చదివేవాడు, ఎదురుగా ఉన్నది వరప్రసాద్ ఒక్కడే అయినా, తరగతికి చెప్పినట్టు. కిందటేడు డిసెంబర్లో మాస్కులోంచే చదివాడు.

వరప్రసాద్ అలమరలోంచి కీకూభాయ్ అనువాదం ఉన్న నోటుబుక్కు తీశాడు. మొదటిరోజు పేజీ. అది అతనికి కంఠతా వచ్చు. అయినా వేలు పెట్టి చదివాడు, ఒక్కో పంక్తి. మూడో పేరా దగ్గర వేలు ఆగింది. గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.

*

శనివారం సెలవు. చట్రం తీసుకోకుండానే ఉప్పుపర్రకి వెళ్లాడు.

ఈసారి ఏడుగురు ఆడవాళ్లున్నారు. దూరం దూరంగా, ఎవరి వంతు నేలలో వాళ్లు. గట్లు లేవు, రాళ్లు లేవు, కానీ ఒకరి చోటులోకి ఇంకొకరు పోవడం లేదు. నర్సవ్వ అతన్ని చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

"మళ్లొచ్చినవా. ఇయ్యాల పైపులు లెవ్వేంది?"

"ఇవాళ లెక్కకి రాలేదు."

"మరి?"

"మీరెలా చేస్తారో చూద్దామని."

ఆమె అతని మొహం వంక ఒకసారి చూసింది. "పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

తిన్నానని నోటిదాకా వచ్చింది. "లేదు" అన్నాడు.

ఉన్‌లో ఆమె ఉండేది మగ్గాల షెడ్డు వెనక వరసలో ఒక గది. గోడకి అవతల మగ్గాలు ఆడుతున్నాయి. తలుపు మూసినా నేల సన్నగా అదురుతూనే ఉంది. ఆమె కూర కడిగి, గిన్నెలో ఉడకబెట్టి, ఆ నీళ్లు బయట కాలవలో పారబోసింది. మళ్లీ కొత్తనీళ్లు పోసి ఉడికించి, మళ్లీ పారబోసింది. పిండిన ముద్దని ఎల్లిపాయ, ఎండుమిరపకాయ వేసిన పోపులో తిప్పింది. పక్కగదిలోంచి సారక్క అనే ఆవిడ జొన్నరొట్టెలు తెచ్చి, మాట్లాడకుండా పళ్లెంలో పెట్టి, గడపలో కూర్చుంది.

మొదటి ముద్ద తిన్నాక వరప్రసాద్ తల ఎత్తలేదు. ఇంకొకరు వడ్డిస్తుండగా తిని ఎన్నాళ్లయిందో లెక్కేస్తే, అది కీకూభాయ్ ఇంట్లో. పోయినేడు. నర్సవ్వ అడగకుండానే ఇంకో రొట్టె వేసింది.

"రెండుసార్లు ఉడకబెట్టడం మీకు ఎవరు చెప్పారు?"

"ఎవలు చెప్తరు? ఒకపారి ఉడికిస్తె నోట్ల వెట్టుకోరాదు. ఆకలైతె అక్కలే వస్తది."

అప్పుడతను నోటుబుక్కు తీశాడు. ఓడలో వచ్చిన వైద్యుడి గురించి, అతను ఇక్కడ దిగి ఒంటరిగా పదకొండు రోజులు నడవడం గురించి, మొక్క కనబడ్డ ప్రతిచోటా కూర్చుని బొమ్మ గీసుకోవడం గురించి చెప్పాడు. గుజరాతీ పంక్తుల్ని తెలుగు చేసుకుంటూ నెమ్మదిగా చదివాడు.

"'ఇక్కడి నేతగాళ్ల ఆడవాళ్లు ఈ మొక్క చిగుళ్లు గిల్లి, రెండుమార్లు ఉడికించి, ఉప్పునీరు పారబోసి తింటారు. పని దొరకని నెలల్లో ఈ నేలే వాళ్లకి పొలం.'"

గడపలో సారక్క "అవ్వ!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

నర్సవ్వ మాత్రం కళ్లు చిట్లించింది. "ఆయిన తిన్నడా?"

"తిన్నట్టు రాయలేదు."

"తినకుంటనే రాసిండా!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే పొయ్యి మీది గిన్నె దించింది. "మంచిగనే రాసిండు తియ్యి. ఎప్పటి ముచ్చటిది?"

"రెండొందల నలభయ్యేళ్లయింది."

"గప్పటికెల్లి గిదేనా మా బతుకు" అంది. ఇప్పుడు నవ్వలేదు.

అతను పళ్లెం పక్కకి జరిపి యార్డు సంగతి చెప్పాడు. ట్యాంకులు, గోడ, నల్లరాయి. తొమ్మిదో గడి సంగతీ చెప్పాడు. అక్కడ 'లేరు' అని ఉందనీ, దాని కింద సంతకం తనదేననీ చెబుతున్నప్పుడు కళ్లు నేల మీదే ఉన్నాయి.

"నువ్వు వెట్టినవా దస్కత్?" సారక్క అడిగింది.

"ఇంకా లేదు."

"ఉన్నమని రాస్తె ఏమైతది?"

"నాకూ సరిగ్గా తెలీదమ్మా. పని ఆలస్యమవుతుంది. మిమ్మల్ని పిలిచి అడగాలి. ఆగిపోతుందని మాత్రం చెప్పలేను. మీ పేర్లు కాయితం మీదికెక్కితే వాళ్లు మిమ్మల్నే ముందు వెళ్లగొట్టినా కొట్టొచ్చు."

సారక్క నర్సవ్వ వైపు చూసింది. నర్సవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలూ, తీరిగ్గా.

"లేమని రాస్తె మాత్రం ఉంచుతరా?" అంది. "రాసుకో సారూ. నా పేరు ముందుగాల రాయి. తెల్సునాయె. సారక్కది రాయి. కొస గదిల బుచ్చిరాములు పెండ్లాం ఉంటది, ఆమెను విలుస్త."

*

సోమవారం పొద్దున ఆఫీసులో 'లేరు' అన్న మాటని ఒక్క గీతతో కొట్టేశాడు. పక్కన 'ఉన్నారు' అని రాసి, పొట్టి సంతకం పెట్టాడు. చోటు చాలక పదకొండు పేర్లూ విడి కాయితం మీద రాశాడు. ఏం కోస్తారో, ఏ నెలల్లో కోస్తారో, ఎన్నేళ్ల నించో. దాని కింద ఎక్మార్క్ రాసిన రెండు పంక్తులు, తారీఖుతో సహా. అంతా చూసుకుని ఆరో పేజీలో పూర్తి సంతకం పెట్టాడు. లేచి ఫారం లక్ష్మీకాంత్ గదికి తీసుకెళ్లాడు.

లక్ష్మీకాంత్ నిలబడే చదివాడు. చదివి, తలుపు వేసొచ్చి కూర్చున్నాడు.

"ఎవరండీ వీళ్లు?"

"మన తెలుగువాళ్లే. మగ్గాలవాళ్లు."

"అందుకా?"

"కాదు. ఒరియావాళ్లయినా ఇదే రాసేవాణ్ణి." ఒక్కక్షణం ఆగాడు. "నిజం చెప్పాలంటే తెలీదు. తెలుగులో పలకరించకపోయుంటే చట్రం ఎత్తుకుని వచ్చేసేవాణ్ణేమో."

"మీరు రాయకపోతే ఇంకొకరి చేత రాయిస్తారు ప్రసాద్ గారూ. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. రాయి మాత్రం ఇంకెవరూ పాతించరు. పన్నెండేళ్లుగా తిరుగుతున్నారు మీరు ఆ ఒక్క రాయి కోసం. ప్రొఫెసర్ గారి భార్యకి ఏం చెబుతారు?"

ఆ మాట ఒక్కటే రెండు రోజులుగా వరప్రసాద్‌ని తింటున్నది.

"కీకూభాయ్ ఆ పంక్తుల్ని నాకు పన్నెండుసార్లు చదివి వినిపించాడండీ" అన్నాడు చివరికి. "పన్నెండుసార్లూ ఎంత బాగా రాశాడో అనుకున్నాను. చుట్టూ చూడలేదు. వాళ్లు అప్పుడూ అక్కడే ఉండి ఉంటారు."

లక్ష్మీకాంత్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. చాలాసేపు ఆ కాయితం వంకే చూశాడు.

"నేను దీన్ని మార్చను. ఉన్నదున్నట్టు పైకి పంపిస్తాను. అక్కడ ఏం చేస్తారో నా చేతుల్లో లేదు." ఫారం అడుగున విడి కాయితాన్ని తనే పిన్ను కొట్టాడు. ఒకటి చాలదనుకున్నాడేమో, రెండోవైపూ కొట్టాడు.

మంగళవారం మధ్యాహ్నానికి రెండు మెయిళ్లు వచ్చాయి. కొత్త వేరియంట్ వ్యాప్తి దృష్ట్యా బుధవారం నాటి కార్యక్రమం నిరవధికంగా వాయిదా. జనవరి ఒకటి నుంచి వరప్రసాద్ అగ్నిమాపక పరికరాల తనిఖీ విభాగంలో పనిచేస్తారు. ఫారం గురించి ఒక్క ముక్కా లేదు. దాన్ని సందేహాలతో అహ్మదాబాద్ నుంచి వెనక్కి పంపారనీ, కొత్త సర్వే వానాకాలం వెళ్లాకే ఉంటుందనీ చాలా రోజుల తర్వాత గానీ అతనికి తెలియలేదు.

స్టోర్స్ ముందు నుంచి వెళుతూ ఆగాడు. రాయికి మళ్లీ గోనెపట్టా చుట్టి, గోడకి తిప్పి పెట్టారు.

*

ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. బుధవారం ఎనిమిదింటికి, ముందు అనుకున్నట్టే, కారు తీసుకుని అడాజణ్ వెళ్లాడు. ఊర్మిళాబెన్ అప్పటికే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. బూడిదరంగు పట్టుచీర. ఒళ్లో గుడ్డసంచి, రెండు చేతులతో పట్టుకుంది. మాస్కు పైన కళ్లకి కాటుక పెట్టుకుంది.

"బెన్, ఇవాళ అక్కడ ఏమీ లేదు" అన్నాడు. "రాయి పెట్టడం లేదు. నా వల్లే."

గేటు పక్కనే నిలబడి అంతా చెప్పాడు. రెండొందల ఎకరాలు, అరెకరం, పదకొండు పేర్లు. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్నా వేయలేదు. ఎవరో స్కూటరు మీద వచ్చి, గేటు తీసుకుని లోపలికి వెళ్లారు.

"షామియానా లేదు?"

"లేదు బెన్."

"ఫొటోలవాళ్లు, ఉపన్యాసాలు?"

"ఏమీ లేవు. మీరెంత ఆశపడ్డారో నాకు తెలుసు. నన్ను..."

"నది ఉంది కదా?" అంది ఆమె.

అతనికి అర్థం కాలేదు. ఆమె గుడ్డసంచి మూతి తెరిచి చూపించింది. లోపల ఎర్రగుడ్డతో మూతి కట్టిన మట్టికుండ.

"ఏప్రిల్ నుంచి అలమరలో ఉంది. శ్మశానంలో ఒకేరోజు వందమందికి పైగా. నంబరు చూసి ఇచ్చారు. ఆయనదో కాదో అది కూడా నాకు తెలీదు. బావగారి కొడుకుని అడిగితే వస్తానన్నాడు, రాలేదు. ఒక్కదాన్నే ఆటోలో వెళ్లాలంటే భయమేసింది." సంచి మళ్లీ మూసింది. "ఇవాళ అందరూ ఉపన్యాసాల్లో ఉండగా మిమ్మల్ని పక్కకి పిలిచి అడుగుదామనుకున్నాను, రెండు నిమిషాలు నీళ్ల దాకా తీసుకెళ్తారా అని. అంతమందిలో ఎలా అడగాలా అని రాత్రంతా ఆలోచన. రాయి మీద పేరు ఉంటే బాగుండేది. ఎందుకుండదు? కానీ నాకు ముందు ఇది అవ్వాలి."

అతను కారు తలుపు తెరిచాడు.

ఉప్పుపర్ర దగ్గరికి చేరేసరికి పదయింది. ఎండ ఎక్కింది గానీ గాలి చల్లగానే ఉంది. నీళ్ల దాకా అరకిలోమీటరు బురద. వరప్రసాద్ ఎటునుంచి వెళ్లాలా అని చూస్తుంటే నర్సవ్వ సంచి దింపి దగ్గరికొచ్చింది. పట్టుచీరని చూసింది, కుండని చూసింది. ఏమిటని అడగలేదు.

"నీళ్లు ఎన్కకు వోతున్నయ్. మంచి యాల్లకే వచ్చిన్రు. గంటాగితె మళ్ల వస్తయ్" అంది. ఊర్మిళాబెన్ వైపు తిరిగి, తనకొచ్చిన గుజరాతీలో, చెప్పులు విడవమంది. చీర ఎత్తి కట్టుకోమంది. "నేను కాలు వెట్టిన కాడనే వెట్టున్రి. పక్కకు వోతె దిగవడ్తరు."

ముందు నర్సవ్వ, ఆమె అడుగుల గుంటల్లోనే ఊర్మిళాబెన్, వెనక వరప్రసాద్. మడచెట్ల ఊపిరివేళ్లు బురదలోంచి మేకుల్లా లేచి ఉన్నాయి. ఎర్రపీతలు అడుగుల చప్పుడుకి కన్నాల్లో దూరుతున్నాయి. నది అంచున నర్సవ్వ ఆగి, కాలితో తట్టి, గట్టిగా ఉన్న జాగా చూపించింది.

ఊర్మిళాబెన్ కుండ మూతి విప్పింది. మంత్రం చెప్పేవాళ్లెవరూ లేరు. ఆమె వరప్రసాద్ వైపు తిరిగింది.

"ఆయన ఇక్కడ ఏదో చదివేవారట కదా. చదువుతారా?"

నోటుబుక్కు కారులో ఉండిపోయింది. అతను చూడకుండానే చెప్పాడు, కీకూభాయ్ గుజరాతీలోనే. ఓడ దిగిన ఉదయం, మంచు, పేరు తెలియని పక్షులు, మోకాలి లోతు బురద, ఉప్పునేల మీద వంగి ఉన్న ఆడవాళ్లు. అతని ఉచ్చారణ సరిగా లేదు. ఒకచోట ఊర్మిళాబెన్ పెదవులు కదిలించి మాట సరిదిద్దింది. ఆయన దాన్ని ఇంట్లో ఎన్నిసార్లు చదివి ఉంటాడో. ఆమె వంగి కుండని నీళ్ల మీద వంచింది. బూడిద కాసేపు ఒడ్డునే తిరిగి, ఆటునీటిలో సాగి, పొడుగ్గా సముద్రం వైపు పోయింది.

ముగ్గురూ అది కనబడకుండా పోయేదాకా చూశారు. కుండని కూడా నీళ్లలో వదిలేశాక ఊర్మిళాబెన్ ఖాళీ చేతుల్ని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అలాగే చాపి నిలబడింది.

"పాండ్రి ఇగ, నీళ్లు మర్లుతయ్" అంది నర్సవ్వ మెల్లగా.

వెనక్కి తిరిగిన రెండో అడుగులోనే ఊర్మిళాబెన్ కాలు జారింది. ఒక చెయ్యి నర్సవ్వ భుజం మీద పడింది, రెండోది వరప్రసాద్ చేతిని దొరకబుచ్చుకుంది. చల్లగా, తడిగా, బురదతో ఉన్న చెయ్యి. అతను పడిపోకుండా నిలబెట్టాడు. ఆమె నిలదొక్కుకుంది గానీ చెయ్యి వదల్లేదు.

తన చేతిని ఇంకొక మనిషి అలా పట్టుకుని ఎంతకాలమైందో అతనికి గుర్తు రాలేదు. వేళ్లు కాస్త కదిపితే ఆమె వదిలేస్తుందేమోనని, గట్టినేల వచ్చేదాకా కదపకుండా నడిచాడు.